మరిచిపోయినట్టు వదిలిన సంచి

దుకాణంలో సంచి మరిచిపోవడం మా ఇంట్లో ఒక విద్య. అది నాన్నకి ఆయన నాన్న నేర్పితే, నాకూ అక్కకీ నాన్న నేర్పాడు. తెనాలిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. బయట ఏదైనా కొనడానికి వెళ్లినప్పుడు నాన్న తన చేతిసంచిని అవతలివాడి గల్లాపెట్టె పక్కన పెట్టి మాట మొదలుపెట్టేవాడు. ఎక్కడో ఒకచోట బేరం బిగుసుకుపోయేది. వాడు తగ్గడు, ఈయన పెంచడు. అప్పుడు నాన్న "సరేలెండి" అని చాలా మర్యాదగా మెట్లు దిగేవాడు, సంచి అక్కడే వదిలేసి. ఉత్తినే వెళ్లిపోయేవాణ్ణి వెనక్కి పిలవాలంటే కొట్టువాడికి నామోషీ. సంచి మరిచిపోయినవాణ్ణి పిలవడానికి నామోషీ ఏముంది? "ఏవండోయ్, మీ సంచి" అంటాడు. ఈయన వెనక్కొచ్చి, సంచి అందుకుంటూ ఇంకో మాట అడుగుతాడు. వాడూ ఒక మెట్టు దిగుతాడు. ఇద్దరి పరువూ నిలబడుతుంది.

ఈ విద్యకి నియమాలు రెండే. పోతే బాధపడాల్సింది ఏదీ ఆ సంచిలో ఉండకూడదు. మెట్లు దిగాక వెనక్కి తిరిగి చూడకూడదు. నాకు రెండోది బాగా వంటబట్టింది.

ఎనభైల మొదట్లో సినిమావాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే హైదరాబాదు రావడం మొదలయ్యాక నాన్న తెనాలి కొట్టు ఎత్తేసి, కృష్ణానగర్‌లో షూటింగులకి సామాన్లు అద్దెకిచ్చే కొట్టు పెట్టాడు. పెళ్లి సీనుకి గంగాళాలు, జమీందారు సీనుకి హుక్కా, పేదింటి సీనుకి సొట్టలు పడ్డ సత్తుగిన్నెలు. మంచి గిన్నె కన్నా సొట్ట గిన్నెకే గిరాకీ ఎక్కువని తెలిశాక నాన్నకి ఈ ఊరి మీద గౌరవం కలిగింది. నేనప్పటికి డిగ్రీ తప్పి ఉన్నాను కాబట్టి ఆ కొట్టే నా కాలేజీ అయింది. అక్కని ఒక ప్రొడక్షన్ మేనేజరుకి ఇచ్చారు. బావ పని యూనిట్‌ని ఊళ్లు తిప్పి తీసుకురావడం. ఎంతమంది వెళ్లారో అంతమందినీ వెనక్కి తెస్తానని గొప్పగా చెప్పుకునేవాడు.

వాళ్లు ఫిలింనగర్‌లో ఇల్లు కట్టుకునేసరికి ఇంటి వెనకంతా బండలే. కొట్లో గిన్నెలు దొంతి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి, మధ్యలో సీతాఫలం పొదలు, రేగు కంప. ముప్పై ఏడో ఏట అక్కకి షుగర్ వచ్చింది. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ ఇంజెక్షను. డాక్టరు నడవమన్నాడు. అందరూ రోడ్డు మీద నడిస్తే అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపి ఆ బండలెక్కేది. ఆదివారాలు నన్నూ లాక్కెళ్లేది. పైకెక్కితే ఒకవైపు యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్ ఇళ్లు కిక్కిరిసి కనిపించేవి, రెండోవైపు ఎండిన అడవి. అందులోంచి నెమళ్లు అరిచేవి. ఎటు దారి తప్పినా ఎక్కడో బండలు పేల్చే తూటా మోతో, షూటింగు జనరేటరు చప్పుడో వినిపించేది. దాన్ని పట్టుకుని ఇంటికొచ్చేయొచ్చు. బండల్లో మనిషి తప్పిపోతాడన్న సంగతి మాకు తెలియదు.

షుగర్ ఎక్కువైతే నెమ్మదిగా చంపుతుందనీ, తక్కువైతే గంటలో చంపుతుందనీ మాత్రం మాకు బాగా తెలుసు. ఒకసారి ఇంజెక్షను తీసుకున్నాక ఇంట్లో పనిలో పడి అక్క తినడం ఆలస్యం చేసింది. నేను వెళ్లేసరికి ఒళ్లంతా చెమటతో కాఫీలో ఉప్పు వేసి కలుపుతోంది. వద్దంటే నామీద విసుక్కుంది. ఆ తర్వాత వంటింటి గచ్చు మీద కూలబడి, తన పేరు చెప్పమంటే చెప్పలేకపోయింది. చక్కెర నీళ్లు తాగించాక పది నిమిషాల్లో మామూలు మనిషై, నేలంతా ఎందుకు తడిసిందని మమ్మల్నే అడిగింది.

అప్పుడు పుట్టింది అక్క సంచి. బావకి తెలిసిన కాస్ట్యూమ్స్ టైలరు పోలీసు యూనిఫారాల్లో మిగిలిన కాకీ గుడ్డతో కుట్టిచ్చాడు. భుజాన వేసుకునేది. అందులో గ్లూకోజు పొట్లం, బెల్లం ముక్కలు, బిస్కెట్లు, రెండు నీళ్ల సీసాలు. గుమ్మం దాటితే ఆ సంచి అక్క భుజాన్నో, పక్కవాళ్ల భుజాన్నో ఉండాల్సిందే.

తొంభైల్లో ఒక శీతాకాలం బావ యూనిట్ పాట తీయడానికి రాజస్థాన్ వెళ్లింది. కుండలు, తివాచీలు, గొడుగులు మా కొట్టువే కాబట్టి వాటి వెనకే నేనూ వెళ్లాను. పెళ్లయిన ఇన్నేళ్లకి బావ మొదటిసారి అక్కని వెంటబెట్టుకొచ్చాడు. పాట అయిపోయి, యూనిట్ రైలెక్కేసింది. మేం ముగ్గురం ఒక రోజు ఆగాం. దగ్గర్లో ఎడారీ కొండలూ కలిసిన జాతీయ పార్కు ఒకటుంది. అక్క దాని గురించి బావ నోట ఏళ్లుగా వింటోంది. కొండెక్కితే అవతల ఇసుక సముద్రంలా కనిపిస్తుందట. "మా బండలు కాకుండా నిజం కొండ ఒక్కటి ఎక్కి చస్తాను" అని అక్క తరచూ అనేది. ఆ మాట అనేటప్పుడు మేం నవ్వేవాళ్లం.

పొద్దున ఏడింటికి లాడ్జిలో ఇంజెక్షను వేసుకుంది. తినడానికి రెండు బ్రెడ్డు ముక్కలూ టీ దొరికాయి. పదింటికల్లా మళ్లీ ఏదో ఒకటి కడుపులో పడాలి. టీతో పాటు సాసర్లో చక్కెర బిళ్లలు పెట్టారు. మిగిలిన రెండూ కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఊరికే వచ్చింది వదిలిపెట్టడం మా వంశంలో లేదు. బావ చూసి, "బిళ్లలే ఎందుకు బామ్మర్దీ, సాసరు కూడా వేసుకో" అన్నాడు.

జీపు మమ్మల్ని పార్కు కాపలా చౌకీ దగ్గర దింపి, మధ్యాహ్నానికి వస్తానని వెళ్లిపోయింది. అక్క సంచి నా భుజాన ఉంది. చౌకీ ముందు నులకమంచం మీద ఒక ముసలాయన కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తలపాగా, తెల్లటి మీసాలు. దారి చూపించేది ఆయనే. మా హైదరాబాదు హిందీలో అడిగాను. ఆయన తలెత్తకుండా ఒక రేటు చెప్పి, మళ్లీ చెప్పు కుట్టడంలో పడ్డాడు. సగానికి అడిగాను. మాట్లాడలేదు. ఇంకాస్త పెంచాను. దారం పంటితో కొరికాడు. కొమ్ములు తిరిగిన బేరగాడని నాకు మనసులో ముచ్చటేసింది. మనిషి బేరమే ఆడటం లేదన్న ఆలోచన నాకు రాలేదు. రేటు చెప్పాక రెండో మాట ఉండని మనుషులు కూడా ఉంటారని ముప్పై దాటినా నాకు తెలియదు.

నేను సంచి తీసి మంచం కోడు పక్కన పెట్టాను. చెయ్యి దానంతటదే పెట్టిందని చెప్పుకోవచ్చు కానీ అది అబద్ధం. నాకు తెలుసు. అందులో ఏముందో కూడా తెలుసు. పది అడుగుల్లో పిలుస్తాడు కదా అనుకున్నాను, అంతే.

"సరే బాబాజీ" అని చాలా మర్యాదగా కదిలాను. బావ అప్పటికే చౌకీలో రిజిస్టరు రాసి ముందు నడుస్తున్నాడు. అక్క నా పక్కనే నిలబడి ఉంది. కొంగు నడుముకి చుట్టుకుని నాతో పాటు బయల్దేరింది.

పది అడుగులైంది. ఇరవై అయింది. ఆయన పిలవలేదు. గాలి ఎదురుగా వీస్తోంది, పిలిచినా వినపడలేదేమో అనుకున్నాను. ఇప్పుడు తిరిగి చూస్తే రేటు పోతుంది. బూటు తాడు వదులైనట్టు వంగి కాళ్ల మధ్యలోంచి వెనక్కి చూశాను. తలకిందులుగా చౌకీ, తలకిందులుగా ముసలాయన. ఇంకా కుట్టుకుంటూనే ఉన్నాడు. సంచి కనిపించలేదు. తీసి మంచం కింద నీడలో పెట్టాడన్నమాట. వెంటే తెస్తాడులే, తెచ్చి రేటు అడుగుతాడులే అనుకున్నాను.

దారి ఎండిన వాగులోంచి పోతుంది. అటూ ఇటూ జిల్లేళ్లు, అక్కడక్కడా జమ్మి చెట్లు. మన చెట్లే కదా అని అక్కకి సంతోషం. ఒకచోట జింకలు గీత గీసినట్టు నిలబడి మమ్మల్ని చూశాయి. బావ వాటి గురించి ఏదో చెబుతున్నాడు. నాకు వినపడటం లేదు. ప్రతి మలుపులోనూ బూటు తాడు కట్టుకుంటున్నాను. ఎవరూ రావడం లేదు. వాగు రెండుసార్లు మెలి తిరిగాక చౌకీ కూడా కనపడలేదు.

అప్పుడైనా చెప్పొచ్చు. పది నిమిషాల నడక. పరుగెత్తితే అయిదు. కానీ ఏమని చెప్పాలి? మా అక్క ప్రాణాన్ని ఒక ముసలాయన మంచం కింద బేరానికి పెట్టి వచ్చానని చెప్పాలి. బావ దాన్ని ఫిలింనగర్లో ప్రతి మేకప్‌మ్యాన్‌కీ, ప్రతి లైట్‌మ్యాన్‌కీ చెబుతాడు. నేను చచ్చేదాకా చెబుతాడు. కొండ చిన్నదే, ఎక్కి దిగేద్దాం, పదింటిలోపు చౌకీకి వచ్చేస్తాం అని లెక్క వేసుకున్నాను.

కొండ చిన్నది కాదు. ఫిలింనగర్ బండల మీద అలవాటైన కాళ్లు కాబట్టి అక్క మా ఇద్దరికన్నా ముందే ఎక్కింది. ఆ రాయి మన రాయిలా గట్టిది కాదు, అడుగు వేస్తే పొరలుగా రాలుతుంది. పైకి చేరేసరికి నా గడియారంలో పది దాటి పావుగంట అయింది.

అవతల నిజంగానే ఇసుక. కంటికి ఆనినంత దూరం, ఆపైన కూడా. అక్క అంచుదాకా వెళ్లింది. పైటచెంగు గాలికి ఎగురుతుంటే పట్టుకోకుండా నిలబడింది. తర్వాత ఒక రాయి మీద కూర్చుని, నావైపు చూడకుండానే చెయ్యి చాపింది.

"ఏదిరా, ఓ బిస్కెట్టు ఇలా పడెయ్."

బావ నావైపు చూశాడు. నా రెండు భుజాలూ ఖాళీ.

"జీపులో ఉండిపోయినట్టుంది" అన్నాను.

బావ చుట్టూ చూశాడు. అది ఆయన పనిలో నేర్చుకున్న గుణం. సామాను పోయినప్పుడు ముందు అరవడు, ముందు రోడ్డు ఎటుందో చూస్తాడు. కొండకి కుడివైపు దూరంగా తారురోడ్డు నల్లటి దారంలా కనిపిస్తోంది. జీపు ఎటూ ఆ రోడ్డు మీదే రావాలి, లేదా ఇంకేదో బండి దొరుకుతుంది, దాన్ని ఆపి తినడానికి ఏదైనా అడగొచ్చని అటు దిగమన్నాడు. సంచి జీపులో ఉంటే అది సరైన లెక్కే. సంచి మాత్రం కొండకి ఎడమవైపు మంచం కింద ఉంది. నా అబద్ధం మమ్మల్ని కుడివైపు దింపుతోంది.

కిందికి వచ్చాక రోడ్డు కనపడటం మానేసింది. పైనుంచి చదునుగా కనిపించిన చోటంతా చిన్న చిన్న గుట్టలూ వాటి మధ్య సందులే. ఒక సందులో దూరితే ఇంకో సందు వచ్చేది. చెవులు రిక్కించాను. తూటా మోత లేదు, జనరేటరు లేదు. అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు.

అక్క ముంజేతుల మీద చెమట పట్టింది. ఎండ ఉంది కానీ చెమట పట్టేంత ఎండ కాదది. చల్లటి గాలి వీస్తోంది. బావ భుజం పట్టుకుంటే విసిరికొట్టింది. "నాకేం కాలేదు, ముందు మీరు నడవండి" అంది, కోపంగా. ఆ కోపం నాకు తెలుసు. కాఫీలో ఉప్పు కలిపేటప్పటి కోపం.

ఒక జమ్మి చెట్టు కింద కూర్చోబెట్టాం. అప్పుడు చెప్పాను. సంచి జీపులో లేదనీ, ముసలాయన మంచం దగ్గర ఉందనీ, మరిచిపోయానని కూడా కాదనీ. బావ నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"నేను వెళ్తానుండు బావా, పరిగెత్తుకు వెళ్తా" అన్నాను.

"నువ్వా? నువ్వెళ్తే ఆ సంచి కూడా బేరం ఆడి తెస్తావు. ఇక్కడే చావు. దాన్ని పడుకోనీయకు" అని ఆయనే దిగినదారినే కొండవైపు తిరిగాడు. యాభై దాటిన మనిషి, పొట్టమీద చెయ్యి వేసుకుని రాళ్ల మీద పరుగెత్తడం మొదటిసారి చూశాను.

అక్క చెట్టు మానుకి ఆనుకుని కళ్లు మూసుకుంది. చేతులు వణుకుతున్నాయి.

"అక్కా, పడుకోకు."

"పడుకోలేదులేరా." కళ్లు తెరవకుండానే అంది. "నువ్వు సంచి పెట్టడం చూశాను."

చూసి మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేనూ ఆ కొట్టు పిల్లనేగా. వెనక్కి తిరిగితే రేటు పోతుందని..." అని ఆగింది. "కొండ మీద చెబుతావనుకున్నా. జీపు అన్నావు."

తెలివి తప్పేముందు ఆమె అన్న ఆఖరి మాట అదే. కాసేపటికి నా చెయ్యి తీసుకుంది. గడియారం మీద వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. కొట్లో గిన్నె మందం చూడటానికి అలాగే కొట్టి వినేవాళ్లం.

"గేజి తక్కువండీ ఇది" అంది నాతో.

నేను పుట్టినప్పటి నుంచీ అక్క నన్ను ఒరేయ్ అని తప్ప పిలిచి ఎరగదు.

అప్పుడు జేబులో చక్కెర బిళ్లలు గుర్తొచ్చాయి. అంతసేపు ఎందుకు గుర్తు రాలేదంటే ఏం చెప్పను? సంచి ఎక్కడుందనే దాని మీదే నా బుర్రంతా ఉంది. కాగితం విప్పి ఒకటి నోటి దగ్గర పెట్టాను. అక్క పెదాలు బిగించింది. బతిమాలాను. తల తిప్పేసింది. దవడ పట్టుకుని తెరవబోతే నా మణికట్టు మీద కొరికింది. బిళ్ల ఇసుకలో పడింది. తీసి ఊది తుడిచాను. ఉన్నవి రెండే.

"వద్దండీ. ఎక్కువ చెబుతున్నారు మీరు" అంది. చీర దులుపుకుని లేచింది. "సరేలెండి" అంది. చాలా మర్యాదగా, నాన్న అన్నట్టే. అని నడవడం మొదలుపెట్టింది.

ఎటు వెళ్తోందో ఆమెకి తెలియదు. నీడ వదిలి, గుట్టల మధ్యలోంచి ఎండలోకి, ఇసుక వైపు. కాళ్లు తడబడుతున్నా నడక ఆగడం లేదు. నేను అక్కా అక్కా అని వెంటపడ్డాను. అక్క అని పిలిపించుకునేది తనేనని ఆమెకి తెలియడం లేదు. చెయ్యి పట్టుకుంటే గింజుకుంది. పడితే తల రాళ్లకి తగులుతుందని వదిలేశాను. ముందుకెళ్లి అడ్డం నిలబడితే నన్ను తప్పించుకుని పోయింది, బజారులో ఎదురైన అపరిచితుణ్ణి తప్పించుకున్నట్టు.

వెనక ఆగిపోయాను. తెనాలి కొట్లో కూర్చున్నట్టు గొంతు సవరించుకున్నాను.

"ఏవమ్మోయ్, మీ సంచి" అన్నాను.

ఆగింది.

"సంచి మరిచిపోయారు. ఇలా రండమ్మా, తీసుకెళ్లండి."

తిరిగింది. కళ్లల్లో నేను లేను, కానీ వచ్చింది. నా ఎదుట నిలబడి, సంచి కోసం చెయ్యి చాపింది. ఆ చేతిలో చక్కెర బిళ్ల పెట్టాను. ఇదేంటన్నట్టు చూసింది.

"కొసరమ్మా. కొసరు. ఊరికేనే. నోట్లో వేసుకోండి, సంచి తెప్పిస్తా."

కొసరు కాదనే మనిషి మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. నోట్లో వేసుకుంది. "ఇంకోటి" అంది. ఇచ్చాను. నమలకుండా బుగ్గన పెట్టుకుంటే నవ్వుతూ, మాటలు చెబుతూ, ఏవో గిన్నెల రేట్లు చెబుతూ, మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టపడి ఏదీ అమ్మలేదు. మళ్లీ చెట్టు నీడకి తెచ్చి కూర్చోబెట్టాను. రెండు బిళ్లలు ఎంతసేపు ఆపుతాయో నాకు తెలియదు. ఆమె మెడ మీద నాడి మీద వేలు పెట్టి కూర్చున్నాను. ఎంతసేపని చెప్పలేను. గడియారం వైపు చూడాలంటే భయం వేసింది.

చివరికి మేం వచ్చిన సందులోంచి, బావ కాదు, నేల చూసుకుంటూ ముసలాయన వచ్చాడు. మా అడుగుల గుర్తులే చూసుకుంటూ కొండెక్కి దిగి వచ్చాడు. కుట్టిన చెప్పు కాలికి ఉంది. భుజాన కాకీ సంచి. ఆయన అక్క ముందు గొంతుక్కూర్చుని ముఖం చూశాడు. నేను సంచి లాక్కుని గ్లూకోజు నీళ్లలో కలిపాను. సగం నా చేతుల మీదే ఒలికింది. మొదటి గుక్కలు కారిపోయాయి. తర్వాత అక్కే సీసా పట్టుకుంది. ఆపైన బెల్లం ముక్క అడిగింది. "ఎక్కడరా మీ బావ?" అంది. నేను ఇసుకలో కూర్చుండిపోయాను.

ఎందుకు పిలవలేదని ముసలాయన్ని అప్పుడు అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. నీళ్లు ఇక్కడ పెట్టి ఎవరైనా దూరం పోతారా, కాలకృత్యానికి రాళ్ల చాటుకి వెళ్లారనుకున్నాను, ఆడమనిషి వెంట ఉంది కదా, పిలిస్తే బాగుండదని ఊరుకున్నాను అన్నాడు. ఎంతకీ రాకపోయేసరికి బయల్దేరాడట.

తర్వాత ఆయన ఒక రాయి ఎక్కి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని బావ కోసం పిలిచాడు. ఒక్కటే పిలుపు, పొడుగ్గా. కొండకి తగిలి తిరిగొచ్చింది. పొద్దుటి నుంచి నేను చెవులు రిక్కించి ఎదురుచూసిన పిలుపు అది. అటువైపు నుంచి బావ గొంతు, చాలా చిన్నగా, బదులు పలికింది. పాపం, ఆయనా దారి తప్పి పక్క గుట్ట చుట్టూ తిరుగుతున్నాడు.

చౌకీకి చేరాక నేను ముసలాయన మొదట చెప్పిన రేటు మొత్తం, దాని మీద ఇంకొంత కలిపి చేతిలో పెట్టాను. ఆయన చూసి సగం రేటు ఉంచుకుని మిగిలింది తిరిగి ఇచ్చేశాడు. తీసుకెళ్లలేదు కదా, తీసుకొచ్చానంతే, సగం దారికి సగం రేటు అన్నాడు. నేను పొద్దున మొదట అడిగిన రేటు సరిగ్గా అదే. అడిగిన రేటుకే తెగిన బేరాలు నా జీవితంలో చాలా ఉన్నాయి. తలెత్తుకోలేకపోయింది మాత్రం ఆ ఒక్కదాంట్లోనే.

బావ ఫిలింనగర్లో ఎవరికీ చెప్పలేదు. అది నాకు పడిన శిక్షల్లో పెద్దది. నాన్నకి మాత్రం నేనే చెప్పాను. ఆయన గిన్నె తుడుస్తూ, "ఎన్ని అడుగులేశావు?" అన్నాడు. చెప్పాను. "అయిదో అడుగుకే తిరగాల్సింది" అన్నాడు. వెనక్కి తిరగొచ్చని మా ఇంట్లో ఎవరైనా అనడం అదే మొదటిసారి.

తను నడిచి వెళ్లిపోయిన సంగతి అక్కకి గుర్తులేదు. నా మణికట్టు మీద పంటి గుర్తులు చూసి ఏమిటని అడిగితే ముళ్లకంప అన్నాను. సంచిని మాత్రం ఆ తర్వాత నా చేతికి ఇవ్వలేదు. ఎప్పుడైనా బరువుగా ఉంది ఇవ్వమంటే "పర్లేదులే" అనేది, అంతే. తిట్టలేదు, గుర్తు చేయలేదు. నాకన్నా మంచి బేరగత్తె. ఏం అడగకుండా ఉంటే ఎంత వస్తుందో తెలిసిన మనిషి.

ఆ తర్వాత ఫిలింనగర్లో అక్క బండలు ఒక్కొక్కటే పగిలి అపార్టుమెంట్లు అయ్యాయి. తొంభైల చివర్లో జూబ్లీహిల్స్‌లో మిగిలిన ఆ ఎండిన అడవినే జాతీయ పార్కు చేశారు. మేమిద్దరం పొద్దున్నే అక్కడికి నడకకి వెళ్లడం మొదలుపెట్టాం. గేటు దగ్గర రహమత్‌నగర్ నుంచి వచ్చే ఒకామె కీరదోసకాయలు అమ్మేది. నేను రేటు అడిగి, అలవాటుగా ఒక అడుగు పక్కకి వేస్తే చాలు, "ఏంది సారూ గట్ల పోతున్నవ్, రా, నీకెంతకు గావాలె చెప్పు" అనేది. ఒక్క అడుగుకే పిలిచే ఊరు. ఇలాంటి ఊళ్లో బతికేవాడికి పిలవని చోటు ఒకటుంటుందని ఎలా తెలుస్తుంది? ఇది కూడా సాకే అనుకోండి.

ఒకరోజు లోపల మలుపు దగ్గర రాతిబెంచీ మీద కూర్చున్నాం. అక్క బిస్కెట్టు తిని, సంచి మూతి బిగించింది. బెంచీ మీద పెట్టింది. లేచి చీర దులుపుకుని నడవసాగింది.

మరిచిపోయిందా, వదిలిందా, నాకు తెలియలేదు. పిలుద్దామని నోరు తెరిచాను. అయిదు అడుగులైంది. ఆమె తిరిగి చూడలేదు. పిలవకుండా సంచి తీసి భుజాన వేసుకుని వెనకే నడిచాను. బరువు అంతే ఉంది, రెండు సీసాలూ నిండుగా.

మలుపు తిరిగేముందు, తల తిప్పకుండానే, "ఉందా?" అంది.

"ఉందక్కా" అన్నాను.